కుదురెరుగని కాళ్ళు: రాత్రివేళ బాధించు ఒక వ్యాధి, దాని చికిత్స

పగలెల్లను శ్రమించిన దేహమునకు రాత్రి పడక విశ్రాంతి నీయవలెను. కాని కొందరికి బాధ ఆరంభమగునది పడక మీదనే. దీపమార్పి నడుము వాల్చిన కొలది నిమిషములకే పిక్కల లోపల ఏదో ప్రాకుచున్నట్లు, లోపలినుండి ఎవరో లాగుచున్నట్లు అనిపించును. కాళ్ళు కదలింపక ఉండజాలరు. లేచి నాలుగడుగులు వేసినచో బాధ తగ్గును. తిరిగి పండుకొన్నచో మరల వచ్చును. ఈ విధముగా అర్ధరాత్రి దాటువరకు ఇంటిలో ఇటునటు తిరుగుచు గడపువారు మన ఊళ్ళలో లేకపోలేదు.

మన ఇండ్లలో ఈ బాధను "కాళ్ళు లాగుతున్నాయి", "కాళ్ళు పీకుతున్నాయి", "కాళ్ళు గుంజుతున్నాయి" అని చెప్పుకొందురు. పెద్దతనము వలన వచ్చినదనియో, పగలు ఎక్కువగా నిలుచుండుట వలన కలిగినదనియో సరిపెట్టుకొందురు. వైద్యునితో చెప్పుటకు ఇదియొక రోగమా అని సంకోచింతురు. నిజమునకు ఇది వైద్యశాస్త్రము గుర్తించిన వ్యాధియే. దీనిని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అందురు. తెలుగున కుదురెరుగని కాళ్ళ వ్యాధి అనవచ్చును. దీనికి చికిత్స కలదు. అనేకులలో దీనికి తోడ్పడు కారణమును కనుగొని సరిదిద్దుటకు కూడ వీలున్నది.

తఖత్‌పూర్, బిలాస్‌పూర్ ప్రాంతము

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాస్‌పూర్ నుండి ముంగేలీ పోవు మార్గములో తఖత్‌పూర్ పట్టణమున్నది. బిలాస్‌పూర్ పేరుగాంచిన రైల్వే కేంద్రము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతము మీదుగా ఇనుపదారి వేసిన పిమ్మట, ఉత్తరాంధ్ర తీరమునుండి అనేక తెలుగు కుటుంబములు పనికై ఈ దారి పొడవునను గల పట్టణములకు వచ్చి స్థిరపడినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ ప్రధాన స్థానమైనది. ఖరగ్‌పూర్, రాయపూర్‌లవలెనే ఇచ్చటను తెలుగు వినబడు వీధులు కలవు.

ఈ ప్రాంతమునకు ఈ వ్యాధితో రెండు విధములైన సంబంధము కలదు. మొదటిది రక్తహీనత. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో ఛత్తీస్‌గఢ్‌న నూటికి సుమారు 61 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో సైతము ఈ సంఖ్య నూటికి 57కు తక్కువ కాలేదు. శరీరమున ఇనుము తక్కువగుట రక్తహీనతకు ముఖ్యకారణములలో నొకటి. కుదురెరుగని కాళ్ళ వ్యాధికి కూడ అదియే ముఖ్యకారణములలో నొకటి. రెండవది రాత్రి పని. వేళకు నిద్రపోవుటకు వీలులేని ఉద్యోగములు చేయువారికి ఈ వ్యాధి తోడైనచో మిగిలిన కొలది నిద్రయు చెడిపోవును.

వ్యాధిని గుర్తించుట ఎట్లు?

దీనిని నిర్ధారించుటకు ప్రత్యేకమైన రక్తపరీక్షగాని, ఎక్స్‌రేగాని లేదు. రోగి చెప్పు మాటలే ఆధారము. కావున ఏమి చెప్పవలెనో రోగికి తెలిసియుండుట మంచిది. వైద్యులు చూచు లక్షణములు ఇవి:

1. కాళ్ళను కదలింపవలెనను ఆపుకొనరాని కోరిక కలుగును. సాధారణముగా దానితోపాటు కాళ్ళలోపల వర్ణింపశక్యముకాని ఇబ్బంది ఉండును.

2. కూర్చున్నపుడు, పండుకొన్నపుడు, విశ్రాంతిగా ఉన్నపుడు బాధ మొదలగును; లేక హెచ్చగును.

3. నడిచినను, కాళ్ళు చాచినను, కదలించినను బాధ కొంతయైనను తగ్గును. కదలిక ఉన్నంతసేపు ఈ ఉపశమనము నిలుచును.

4. సాయంకాలమునందును రాత్రియందును బాధ ఎక్కువ. తెల్లవారుజామునకు తరచుగా నెమ్మదించును.

5. ఈ లక్షణములు మరియొక వ్యాధివలన మాత్రమే కలిగినవి కావని వైద్యుడు తేల్చుకొనవలెను.

ఈ ఐదవ అంశము ముఖ్యము. నిద్రలో పిక్క గట్టిపడి, ముడివేసినట్లయి, తీవ్రమైన నొప్పి కలిగినచో అది కండరము పట్టుట. మధుమేహము ఉన్నవారికి అరికాళ్ళలో మంటలు, తిమ్మిరులు, సూదులు గ్రుచ్చినట్లు బాధ కలిగినచో అది నరముల దౌర్బల్యము కావచ్చును. నడిచినంతమాత్రమున అది తగ్గదు. కాలిపై నీలిరంగు సిరలు ఉబ్బి, నిలుచున్నకొలది బరువెక్కినచో అది సిరల వ్యాధి. కూర్చున్నచోట అలవాటుగా కాలు ఊపుట వ్యాధి కానేకాదు. ఒకే మనిషికి ఇందులో రెండు మూడు కలిసియుండుటయు కలదు.

ఈ వ్యాధిగలవారిలో నూటికి సుమారు 80 మందికి నిద్రలో కాళ్ళు తమకు తెలియకుండనే ఎగురుచుండును. సాధారణముగా ఇరువది నుండి నలువది సెకండ్లకొక పర్యాయము బొటనవ్రేలు పైకి లేచి, చీలమండ, మోకాలు కొద్దిగా ముడుచుకొనును. ఈ సంగతి రోగికంటె ప్రక్కన పండుకొన్నవారికే బాగుగ తెలియును. వైద్యుని వద్దకు పోవునపుడు వారిని వెంటబెట్టుకొని పోవుట మేలు.

పాత వ్యాధియే, క్రొత్త ఎరుక

ఇది ఈ కాలమున పుట్టిన రోగము కాదు. ఇంగ్లండు దేశపు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే, పడకపై చేరగానే కాళ్ళు చేతులు నిలువనీయక నిద్రకు దూరమగు రోగులను గూర్చి వ్రాసెను. స్వీడను దేశపు నరముల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ 1945లో ఈ వ్యాధిని విపులముగా వర్ణించి, నేడు వాడుకలోనున్న పేరు పెట్టెను. గర్భిణులలోను, ఇనుము లోపించినవారిలోను ఇది ఎక్కువని ఆయన గమనించెను. 1950 దశకములోనే నార్డ్‌లాండర్ అను స్వీడిష్ వైద్యుడు సిరద్వారా ఇనుమునిచ్చి రోగులకు మేలు కలిగించెను. 1982లో డోపమైన్ సంబంధమైన లీవోడోపా ఔషధము గుణమిచ్చుట వెల్లడియైనది. 2007లో ఈ వ్యాధికి సంబంధించిన కొన్ని జన్యువులను శాస్త్రజ్ఞులు గుర్తించిరి.

ఐరోపా, ఉత్తర అమెరికా దేశములలో పెద్దవారిలో నూటికి ఐదు నుండి పదిమందికి ఇది కలదని అంచనా. ఆసియా దేశములలో తక్కువ. బెంగళూరు నగరవాసులపై జరిపి 2007లో ప్రచురించిన పరిశీలనలో నూటికి సుమారు ఇద్దరికి ఉన్నట్లు కనబడినది. నూటికి ఇద్దరనగా తక్కువ సంఖ్య కాదు. అయిదువందల గడపల పేటలో కొన్ని పదులమంది ఉండవచ్చునన్నమాట.

కారణములు

మెదడులో డోపమైన్ అను రసాయనము శరీర చలనములను క్రమపరచుటకు తోడ్పడును. డోపమైన్ తయారగుటకు ఇనుము అవసరము. ఈ వ్యాధిగలవారిలో మెదడునకు చేరు ఇనుము తక్కువగా ఉన్నట్లు పరిశోధనలు తెలిపినవి. రక్తములో ఇనుము చాలినంత ఉన్నను మెదడులో చాలకపోవచ్చును. ఈ కారణముననే రక్తహీనత లేనివారికి కూడ ఈ బాధ రావచ్చును.

కొందరిలో ఇది వంశపారంపర్యము. తల్లికో తండ్రికో ఉన్నచో బిడ్డలకు చిన్నవయస్సుననే ఆరంభమగుట కలదు. పురుషులకంటె స్త్రీలలో సుమారు రెట్టింపు. గర్భిణులలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి, ముఖ్యముగా చివరి మూడు నెలలలో, కనబడును; ప్రసవానంతరము చాలమందికి కొలది వారములలో తగ్గిపోవును. మూత్రపిండములు చెడి డయాలిసిస్ చేయించుకొనువారిలో ఇది చాల ఎక్కువ. అధిక ఋతుస్రావము, మొలలనుండి రక్తము పోవుట, తరచుగా రక్తదానము చేయుట మొదలగు వానివలన శరీరములోని ఇనుము తరిగి ఈ బాధ తలయెత్తవచ్చును.

కొన్ని మందులు దీనిని హెచ్చించును. జలుబునకు, దురదకు వాడు పాతరకపు మత్తు కలిగించు మాత్రలు, వాంతులను ఆపు మెటోక్లోప్రమైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఇట్టివి. నిద్రపట్టలేదని జలుబుమాత్ర వేసికొనువారు తెలియకయే తమ బాధను పెంచుకొనుచున్నారు. అయితే మానసిక వ్యాధులకు వాడు మందులను రోగి తనంతట తాను మానరాదు. వైద్యునికి తెలిపి, ఆయన చెప్పినట్లు మార్చుకొనవలెను.

ఇంటింట జరుగునది

ఒక రైల్వే కుటుంబమును ఊహించుకొందము. ఇంటి ఇల్లాలికి నలుబది ఏండ్లు. కొన్ని ఏండ్లుగా రాత్రులు కాళ్ళు లాగుచుండును. మొదట ఆముదము రాచుకొన్నది. పిమ్మట పాత చీర చింపి పిక్కలకు బిగించి కట్టుకొన్నది. కొడుకును పిలిచి కాళ్ళు తొక్కించుకొన్నది. అత్తగారు, "ఈ బాధ నాకూ ఉన్నదే అమ్మా, ఆడపుట్టుక అన్నాక తప్పదు" అన్నది. పొరుగువారు దృష్టి తగిలినదనిరి. సెలవులలో రాయపూర్, విజయనగరముల మీదుగా విశాఖపట్నము పోవు రాత్రి రైలులో ఆమె బెర్తుపై పండుకొనలేక తలుపు దగ్గర నిలుచుండి తెల్లవార్చినది. పగలు కునికిపాట్లు, పనియందు మనస్సు నిలువదు, చీటికిమాటికి కోపము. ఆమె సోమరియైనదని ఇంటివారు అనుకొనిరి.

ఇట్టి ఇల్లు ఏ పేటలోనైనను ఉండవచ్చును. నూనె రాచుట, మర్దన చేయుట తప్పు కాదు, కొంతసేపు ఉపశమనమిచ్చును. గుడ్డ బిగించి కట్టుట మాత్రము రక్తప్రసారమునకు అడ్డుపడునంతగా ఉండరాదు. అత్తగారి మాటలో ఆమె గమనింపని సత్యమొకటి కలదు: ఆడపుట్టుకకు తప్పని రాతగా ఆమె చెప్పినది చికిత్సకు లొంగు వ్యాధి. ఆ ఇంటిలో ఇద్దరికి చికిత్స అవసరము.

వైద్యుని వద్ద

మొదట సమీపమునగల ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, సాముదాయిక ఆరోగ్య కేంద్రమునకో పోవలెను. రైల్వే ఉద్యోగులకును వారి కుటుంబములకును బిలాస్‌పూర్‌లో రైల్వే కేంద్ర ఆసుపత్రి కలదు. అచ్చటనే ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థయు ఉన్నది. జిల్లాలోని గనియారీ గ్రామమున జన స్వాస్థ్య సహయోగ్ అను సంస్థ గ్రామీణులకు స్వల్ప వ్యయముతో వైద్యము చేయుచున్నది. నిపుణుని అవసరమైనచో రాయపూర్‌లో 2012లో ప్రారంభమైన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కలదు. దూరము పోలేనివారు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరము నుండి ఈ-సంజీవని దూరవైద్య సేవద్వారా వైద్యుల సలహా పొందవచ్చును.

వైద్యునితో "కాళ్ళ నొప్పులు" అని మాత్రమే చెప్పినచో ఆయన నొప్పిమాత్ర వ్రాయవచ్చును. బాధ ఏ వేళ వచ్చును, పండుకొన్నపుడు హెచ్చునా, నడిచినచో తగ్గునా, వారమునకు ఎన్ని రాత్రులు నిద్ర చెడుచున్నది, ఇంటిలో మరెవరికైన కలదా, ఏయే మందులు వాడుచున్నారు అను విషయములను ఒక కాగితముపై వ్రాసికొనిపోయి చెప్పవలెను. ఛత్తీస్‌గఢ్‌లోని వైద్యునికి తెలుగు రాకపోవచ్చును. అప్పుడు హిందీ తెలిసిన పిల్లలు పెద్దలకు తోడుగా పోవలెను.

ఇనుము: పరీక్ష ముందు, మాత్ర తరువాత

ఈ వ్యాధిలో మొట్టమొదట చేయవలసిన రక్తపరీక్ష ఫెర్రిటిన్. శరీరమునందు నిలువయున్న ఇనుమును ఇది తెలుపును. హిమోగ్లోబిన్ ఒక్కటి చూచుట చాలదు. ఉదయముననే పరీక్ష చేయించుకొనుట మంచిది. జ్వరము, వాపు ఉన్నపుడు ఫెర్రిటిన్ ఉన్నదానికంటె ఎక్కువగా కనబడును.

ఇచ్చట ఒక ముఖ్య విషయము గమనింపవలెను. పరీక్షశాల కాగితముపై ఫెర్రిటిన్ 30 లేక 40 ఉన్నచో సరిగనే ఉన్నదని వ్రాయబడి యుండవచ్చును. కాని కుదురెరుగని కాళ్ళ వ్యాధి ఉన్నవారికి మిల్లీలీటరునకు 75 నానోగ్రాములు, లేక అంతకు తక్కువ ఉన్నచో ఇనుము ఇచ్చు విషయము ఆలోచింపవలెనని నిపుణుల సలహా. నోటిద్వారా తీసికొనునపుడు గుణము కనబడుటకు రెండు మూడు నెలలు పట్టవచ్చును. మాత్రలు సరిపడనివారికి, లేక వానివలన ఫలితము కానరానివారికి, ఆసుపత్రిలో సిరద్వారా ఇనుము ఎక్కింతురు.

ఇనుము మాత్రను పాలతోగాని, తేనీటితోగాని మ్రింగరాదు. నిమ్మరసముతో తీసికొనినచో శరీరమునకు బాగుగ పట్టును. మలము నల్లబడుట సహజము, భయపడనక్కరలేదు. మాత్రలను పసిపిల్లలకు అందనిచోట ఉంచవలెను; తెలియక మ్రింగినచో వారికి ప్రాణాపాయము. గర్భిణులకు 180 దినములు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు ఎఱ్ఱ మాత్రలను విడువక వాడవలెను.

ఇనుము మంచిదని ఎవరికివారు కొనుక్కొని ఏండ్లతరబడి వాడుట మాత్రము తప్పు. ఛత్తీస్‌గఢ్‌లో కొడవలికణ వ్యాధి, అనగా సికిల్ సెల్ వ్యాధి, ఎక్కువగా కలదు. తలసీమియా కలవారును ఉన్నారు. వీరికి రక్తహీనత ఉన్నను, ముఖ్యముగా పలుమారులు రక్తము ఎక్కించుకొన్నవారి శరీరములో ఇనుము అధికమై యుండవచ్చును. అట్టివారికి మరింత ఇనుము హానిచేయును. కావున ఈ ప్రాంతమువారు సికిల్ సెల్ పరీక్ష కూడ చేయించుకొనుట యుక్తము. 2023 జులై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద ఈ పరీక్షలు చేయబడుచున్నవి.

ఇతర ఔషధములు

ఇనుము సరిపోయినను బాధ తగ్గనిచో, వారమున పెక్కు రాత్రులు నిద్ర లేకున్నచో, వైద్యుడు ఇతర మందులు ఇచ్చును. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ అనునవి నేడు ముందుగా ఎన్నుకొనబడుచున్నవి. వీనివలన మగత, తల తిరుగుట కలుగవచ్చును. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారికి మోతాదు తగ్గింపవలెను.

ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అను డోపమైన్ మందులు మునుపు విరివిగా వాడబడినవి. ఇవి మొదటి రోజులలో అద్భుతముగా పనిచేయును. కాని కొన్ని ఏండ్లు వాడిన పిమ్మట అనేకులలో వ్యాధి మరింత ముదురును: రాత్రి వచ్చు బాధ మధ్యాహ్నమునకే వచ్చును, కాళ్ళనుండి చేతులకు ప్రాకును. మాత్ర పెంచినకొలది బాధయు పెరుగును. కొందరికి జూదముపై, వస్తువులు కొనుటపై అదుపులేని కోరిక పుట్టుటయు కలదు. అందువలన ఈ మందులను సాధారణ చికిత్సగా ఇకపై వాడవలదని అమెరికా నిద్రావైద్య అకాడెమీ 2025లో సూచించినది. అయినను ఇప్పటికే వాడుచున్నవారు ఒక్కసారిగా మానరాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా తగ్గించుకొనవలెను.

గర్భిణులకు చాలవరకు మందులు లేకయే, ఇనుమును సరిచూచి, వ్యాయామము, మర్దనములతో ఉపశమనము కలిగింప ప్రయత్నింతురు.

ఇంటివద్ద చేయదగినవి

సాయంకాలము పిమ్మట టీ, కాఫీలు మానవలెను. మద్యము నిద్ర తెచ్చునని కొందరు నమ్ముదురు. అది ఈ వ్యాధిని హెచ్చించును. పొగాకు, గుట్కా విడువవలెను. ప్రతిదినము ఒకే వేళకు పండుకొని ఒకే వేళకు లేవవలెను. పగటిపూట మితమైన నడక మంచిది. పడకకు ముందు పిక్కలను సాగదీయుట, మర్దన, గోరువెచ్చని నీటితో లేక చల్లని నీటితో కాళ్ళు కడుగుకొనుట, ఎవరికి ఏది సుఖమో అది చేసికొనవచ్చును. కదలక కూర్చుండవలసి వచ్చినపుడు మనస్సును పట్టియుంచు పని, చదువుగాని కుట్టుపనిగాని, బాధను కొంత మరపించును. దూరప్రయాణములలో నడచుటకు వీలైన ప్రక్కసీటు ఎన్నుకొనవలెను.

ఆహారమున తోటకూర, గోంగూర, మునగాకు, పప్పుదినుసులు, వాడుక ఉన్నవారు చేపలు, మాంసము తీసికొనవలెను. భోజనముతో నిమ్మ, ఉసిరి, జామ తోడైనచో ఆకుకూరలలోని ఇనుము బాగుగ పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగు అలవాటు దీనికి విరుద్ధము. ఒక గంట ఆగవలెను. అయితే ఇనుము బాగా తరిగినవారికి ఆహారమొక్కటే చాలదు; ఔషధము అవసరము.

ఉద్యోగము, కుటుంబము

రైలు నడుపువారు, సిగ్నళ్ళు చూచువారు, రాత్రి లారీలు తోలువారు ఈ వ్యాధిని దాచరాదు. నిద్రలేనివాని కునుకు పదిమంది ప్రాణములకు ముప్పు. మందుల మగతయు అట్టిదే. ఉద్యోగము పోవునను భయముతో దాచుటకంటె, తమ సంస్థ వైద్యునికి తెలిపి, చికిత్సను, పనివేళలను సరిచేసికొనుట అందరికిని క్షేమము.

దీర్ఘకాలము నిద్రలేమి మనిషిని దిగులునకు, నిరాశకు లోనుచేయును. రోగి తన బాధను ఇతరులకు చూపలేడు. గాయము లేదు, వాపు లేదు, జ్వరము లేదు. అందుచేత ఇంటివారి నమ్మకమే అతనికి మొదటి ఆసరా. రాత్రి లేచి నడచువారిని విసుగుకొనరాదు. బడిలో కుదురుగా కూర్చుండలేని, రాత్రులు కాళ్ళు నొప్పియని ఏడ్చు పిల్లలను కొట్టరాదు. వారికిని ఈ వ్యాధి ఉండవచ్చును, పరీక్ష చేయించవలెను.

ఈ వ్యాధి ప్రాణము తీయునది కాదు. కొందరిలో పూర్తిగా పోకపోవచ్చును. కాని తగిన చికిత్సతో అనేకులు తిరిగి సుఖనిద్ర పొందుచున్నారు. వారమున రెండు మూడు రాత్రులైనను కాళ్ళు నిద్రపోనీయనిచో, అది వయస్సు దోషమని ఊరకుండక, ఈ వారముననే ఆరోగ్య కేంద్రమునకు పోయి ఫెర్రిటిన్ పరీక్షను గూర్చి అడుగవలెను.